పొద్దున ఛార్జింగ్ ఎక్కని లాప్‌టాప్: మదర్‌బోర్డు రిపేరు డైరీ

శనివారం సాయంత్రం

మా పెద్దమ్మ కొడుకు లాప్‌టాప్ ఇది. అన్నకి అల్లూరు అవతల ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి, గుంట కాడ షెడ్డులోనే దీన్ని పెట్టుకుని మేత లెక్కలు, డీఓ (నీళ్ళలో ఆక్సిజన్), పీహెచ్ రీడింగులు, పనోళ్ళ జీతాలు అన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తా ఉంటాడు. ఇప్పుడు పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, అడాప్టర్ పెడితే పక్కనుండే చిన్న లైటు కూడా వెలగడం లేదు. టౌన్లో ఒక షాపులో చూపిస్తే సీపీయూ షార్టయింది, బోర్డే మార్చాలి, దానికి పెట్టే డబ్బుతో సెకండ్ హ్యాండ్‌ది ఇంకోటి వస్తది అన్నారంట. "రేయ్ అబ్బయా, నువ్వొకసారి చూడు, కాదంటే లోపలున్న లెక్కలన్నా తీసియ్యి" అని నెల్లూరొచ్చి ఇంటి కాడ ఇచ్చిపోయాడు.

లెక్కలు ముందే తీసేశా. ఎస్ఎస్‌డీ ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టి ఫైళ్ళన్నీ కాపీ చేసి పెట్టా. బోర్డు బతికినా చచ్చినా మనిషి లెక్కలు మనిషికి దక్కాలి, ఏ రిపేరుకైనా నా వరకు మొదటి పని ఇదే.

తర్వాత అన్నకి ఫోన్ చేసి అడిగా, ఇది ఎట్టా పోయింది, ఒక్కసారిగా పోయిందా నిదానంగా పోయిందా అని. షాపుల్లో ఈ మాట అడిగే తీరిక ఎవరికీ ఉండదు కానీ సగం రోగం ఆ జవాబులోనే ఉంటది. అన్న చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా: "ఒక్కసారిగా ఏం పోలేదురా, చానా రోజులుగా పొద్దున్నే పెడితే ఛార్జింగ్ ఎక్కేది కాదు, ఎండెక్కినాక పెడితే ఎక్కేది. రాన్రాను మధ్యాహ్నం కూడా ఎక్కడం మానేసింది. బ్యాటరీ ఉన్నంతసేపు బాగానే నడిచింది, అది అయిపోయినాక ఇంక లేవలా."

బ్యాటరీ అయిపోయేదాకా నడిచింది అంటే ఆఖరి నిమిషం దాకా సీపీయూ, ర్యామ్, పెద్ద రైల్స్ (బోర్డులో ఒక్కో వోల్టేజీని మోసే లైన్లు) అన్నీ పనిచేసినట్టే గదా. షార్టయిన సీపీయూ బ్యాటరీ మీద మాత్రం ఎట్టా నడుస్తది? కాబట్టి నా అనుమానం అంతా అడాప్టర్ కరెంటు బోర్డులోకి వచ్చే దారి మీదే. పొద్దున ఎక్కదు, ఎండెక్కితే ఎక్కుద్ది అన్న ముక్క ఇంకా ముఖ్యం, దాన్ని పెన్నుతో గీత గీసి పెట్టుకున్నా.

ఆదివారం మధ్యాహ్నం

ముందు అడాప్టర్. 19 వోల్టులు, 3.42 ఆంప్స్ రకం. మీటర్ పెడితే 19.1 చూపించింది, కానీ లోడు లేకుండా వోల్టేజీ చూసి అడాప్టర్ బాగుంది అనడానికి లేదు, లోపల కెపాసిటర్లు చచ్చిన అడాప్టర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 19 చూపిస్తది, లోడు పడగానే కూలబడిపోద్ది. బైకు బ్రేక్ లైటుకి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బులు రెండు సిరీస్‌లో కలిపి దీనికి తగిలించా, ఒక్కో దానికి తొమ్మిదిన్నర వోల్టులు పడతాయి, ఒకటిన్నర ఆంప్ పైనే లాగుతాయి. కాసేపు వెలిగినా వోల్టేజీ 19 దగ్గరే నిలబడింది. అడాప్టర్ మంచిదే.

వెనక డోర్ తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ పీకేశా. అది ఉండగా లోపల చెయ్యి పెట్టకూడదు, బ్యాటరీ దిగిపోయింది అనుకున్నా సరే. ర్యామ్, వైఫై కార్డు తీసి, ఫ్యాను విప్పి, బోర్డు మొత్తం బయటికి తెచ్చా. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మామూలు దుమ్ములా పొడిపొడిగా లేదు, తడి తడిగా అతుక్కుని ఉంది. డీసీ జాక్ (అడాప్టర్ ప్లగ్ గుచ్చే చోటు) పక్కన స్క్రూ తలలు తుప్పు. జాక్ కాళ్ళ దగ్గర నుంచి వేలెడు దూరం దాకా బోర్డు మీద తెల్లగా పొక్కు పట్టినట్టుంది, మధ్యమధ్యలో పచ్చగా చిలుము. ఆచారివీధిలో బంగారప్పని సామాన్ల కొట్లో కొన్న పది రెట్ల లెన్స్ ఒకటి ఉంది నా దగ్గర, దాంతో చూస్తే ఛార్జింగ్ చిప్ చుట్టూ ఉన్న నువ్వు గింజలో సగం ఉండే రెసిస్టర్లలో ఒకదాని చివర నల్లబడి, టంకం మెరుపు పోయి ఉంది. మిగతా బోర్డు అద్దంలా ఉంది.

కరెంటు పెట్టే ముందు రెసిస్టెన్స్ కొలతలు. మెయిన్ రైల్ నుంచి గ్రౌండుకి వందల కిలో ఓమ్స్, అంటే షార్ట్ లేదు. 5 వోల్టుల కాయిల్, 3.3 వోల్టుల కాయిల్ దగ్గర కూడా షార్ట్ లేదు. సీపీయూ కోర్ కాయిల్స్ దగ్గర 4.6 ఓమ్స్. ఇక్కడే ఆ షాపులో వాళ్ళు బీప్ విని సీపీయూ షార్ట్ అనేసినట్టున్నారు. మీటర్ బీప్ మోడ్‌లో ముప్పై నలభై ఓమ్స్ లోపు ఏదున్నా కూస్తది, సీపీయూ కోర్ రైల్‌కి నాలుగైదు ఓమ్స్ ఉండటం దాని సహజం, లోపల అన్ని కోట్ల ట్రాన్సిస్టర్లు ఒకే లైను మీద ఉంటాయి మరి. గ్రాఫిక్స్ చిప్పులకైతే ఒక ఓమ్ లోపు కూడా ఉంటది. బీప్ నమ్మి బోర్డుని చంపేయొద్దు అని ఈ పని నేర్చుకునే పిల్లలకి నేను గట్టిగా చెప్పే మాట. ఓమ్స్ మోడ్‌లో పెట్టి అంకె చూడాలి, ఆ అంకె ఏ రైల్‌ది అని చూడాలి.

ఆదివారం రాత్రి

ఇప్పుడు బెంచ్ పవర్ సప్లై. 19 వోల్టులు, కరెంటు లిమిట్ 1 ఆంప్ పెట్టి జాక్‌కి ఇచ్చా. డిస్‌ప్లేలో కరెంటు 0.00. ఈ అంకె చానా చెప్పుద్ది. షార్ట్ ఉంటే కరెంటు లిమిట్‌కి గుద్దుకునేది లేకపోతే కొట్టుకుంటా ఉండేది. స్టాండ్‌బై రైల్స్ వచ్చి బటన్ కోసం కాచుకుని ఉంటే 0.02 అట్టా కనిపించేది. పూర్తిగా సున్నా అంటే కరెంటు గుమ్మం దాటి లోపలికే రాలేదు.

లాప్‌టాప్ బోర్డులో కరెంటు దారి వరస తప్పదు. జాక్ నుంచి రెండు మాస్‌ఫెట్‌లు (గేట్ అనే కాలికి వోల్టేజీ ఇస్తే తెరుచుకుని కరెంటు వదిలే స్విచ్చులు), ఆ తర్వాత కరెంటు కొలిచే 0.01 ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత మెయిన్ రైల్. మెయిన్ రైల్ నుంచి 3.3, 5 వోల్టులు చేసే చిప్, ఆ 3.3 తాగి లేచేది ఈసీ చిప్ (పవర్ బటన్ లాంటివి చూసుకునే చిన్న కంట్రోలర్). బటన్ నొక్కితే ఈసీ పైకి చెప్పుద్ది, అప్పుడు చిప్‌సెట్ నిద్ర సిగ్నల్స్ ఒకటొకటే వదుల్తది, ర్యామ్‌కి 1.2 వోల్టులు, చివరికి సీపీయూ కోర్. మొదటి తూము మూసుకుని ఉంటే చివరాయకట్టులో కాలవ ఎంత తవ్వినా నీళ్ళు రావు. బయోస్ చిప్ (లాప్‌టాప్ లేచేటప్పుడు మొదట నడిచే ప్రోగ్రాం ఉండేది) ప్రోగ్రాం చేయడం, సీపీయూకి హీట్ గన్ పెట్టడం, చిప్‌సెట్ రీబాల్ చేయడం (ఊడదీసి కింద టంకం గుండ్లు కొత్తవి వేయడం), ఇవన్నీ చివరాయకట్టు పనులు. మొదటి మాస్‌ఫెట్ ముందు 19, దాని తర్వాత దాదాపు సున్నా. ఆగింది ఇక్కడే.

మాస్‌ఫెట్ చెడిపోయిందా, లేకపోతే దాన్ని తెరవమని చెప్పేవాడు చెప్పలేదా? ఈ బోర్డులో ఛార్జింగ్ చిప్ బీక్యూ24735, చానా లాప్‌టాప్‌లలో ఉండేదే, డేటాషీట్ దొరుకుద్ది. అది మాస్‌ఫెట్ గేట్లకి సోర్స్ అనే ఇంకో కాలి కన్నా 6 వోల్టులు ఎక్కువ ఇచ్చి తెరుస్తది, అంటే 19 వోల్టుల అడాప్టర్‌కి గేట్ దగ్గర 25 కనపడాలి. కొలిస్తే ఏమీ లేదు. అంటే మాస్‌ఫెట్ అమాయకుడు, వాడికి ఆర్డరే రాలేదు. చిప్ చచ్చిందా అని అది తనకోసం తయారుచేసుకునే వోల్టేజీ వచ్చే రెగ్ఎన్ పిన్ చూశా, 6 వోల్టులు నిక్కచ్చిగా ఉంది. చిప్ బతికే ఉంది. చిప్ బతికుండి గేట్ తెరవట్లేదు అంటే దానికి అడాప్టర్ మీద నమ్మకం కుదరట్లేదు.

ఆ నమ్మకం ఏసీడెట్ అనే పిన్ చూసుకుంటది. అడాప్టర్ వోల్టేజీని రెండు రెసిస్టర్లతో పంచి ఈ పిన్‌కి ఇస్తారు, ఈ బోర్డు స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) పైది 430 కిలో ఓమ్స్, కిందది 66.5 కిలో ఓమ్స్. 19 వోల్టులు వస్తే పిన్ దగ్గర 2.54 పడాలి. 2.4 దాటితేనే చిప్ అడాప్టర్ సరైనదే అని ఒప్పుకుంటది. మీటర్ పెట్టా. 1.61.

సోమవారం

రాత్రంతా ఆ 1.61 మీదే ఆలోచన. 2.54 కి, 2.4 కి మధ్య ఉన్న సందు ఎంత, 0.14 వోల్టు. లెక్క వేసి చూస్తే కింద రెసిస్టర్‌కి పక్కన 900 కిలో ఓమ్స్ లీకేజీ ఏర్పడితే చాలు, 2.4 కిందికి జారిపోద్ది. ఆ మాత్రం లీకేజీ కావాలంటే పెద్ద తడి అక్కర్లా, ఉప్పు పొర చాలు. ఉప్పుకి ఒక గుణం ఉంది, గాల్లో తేమ 75 శాతం దాటితే ఆ తేమని లాక్కుని తనే నీరైపోతది. సముద్రం ఒడ్డున తెల్లవారుజామున తేమ అంతకన్నా పైనే ఉంటది, గుంటల మధ్యన షెడ్డు, చుట్టూ ఏరేటర్లు (గుంట నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు) తిరుగుతా నీళ్ళు చిమ్ముతా ఉంటాయి, ఇంక చెప్పేదేముంది. ఎండెక్కి పొర ఆరితే లీకేజీ పోతది, ఛార్జింగ్ ఎక్కుద్ది. అన్న చెప్పిన పొద్దున ఎక్కదు ఎండెక్కితే ఎక్కుద్ది అన్న మాటకి అక్షరాలా ఇదే అర్థం. ఆ మాట దొరకబట్టి నేను ఈ మూల వెతికా, లేకపోతే ఇంకెన్ని చిప్పులు కొలిచేవాడినో.

క్లీనింగ్ గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే కోస్తాలో పనిచేసే మనకి ఇది అవసరం. ఎవర్నడిగినా ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కొట్టి బ్రష్‌తో రుద్దు అంటారు. ఐపీఏ జిడ్డుని, ఫ్లక్స్‌ని (టంకం బాగా పట్టడానికి రాసేది) కరిగిస్తది, ఉప్పుని కరిగించదు. ఉప్పు నీళ్ళలోనే కరుగుద్ది. ఐపీఏతో మాత్రమే రుద్దితే ఉప్పు ఇక్కడ్నుంచి జరిగి అక్కడ చేరుద్ది, పైకి శుభ్రంగా కనిపిస్తది, మళ్ళీ తేమ తగలగానే అదే కథ. అందుకని ముందు డిస్టిల్డ్ వాటర్, ఇన్వర్టర్ బ్యాటరీలకి పోసేది, బ్యాటరీల షాపులో క్యాన్ తెచ్చుకున్నా. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు, వాటిలో ఉప్పులే ఉంటాయి. కరెంటు, బ్యాటరీ, బటన్ సెల్ అన్నీ తీసేసిన బోర్డు మీద ఆ మూల మెత్తటి బ్రష్‌తో నీళ్ళతో కడిగి, టిష్యూతో అద్ది, మళ్ళీ కడిగి, ఆ తర్వాత 99 శాతం ఐపీఏతో కడిగా. ఐపీఏ ఇక్కడ చేసే పని నీళ్ళని తరిమెయ్యడం, చిప్ కింద దాక్కున్న నీటిని కలుపుకుని తనతో పాటు ఆవిరైపోతది. శానిటైజర్ వాడే వాళ్ళని చూశా, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి, దయచేసి వాడొద్దు.

ఆరడానికి టేబుల్ ఫ్యాన్ కింద పెట్టి వదిలేశా. ఈ రోజుకి ఇంతే.

మంగళవారం రాత్రి

మళ్ళీ సప్లై ఇచ్చి ఏసీడెట్ కొలిచా. 2.10. పెరిగింది, అంటే లీకేజీ నిజమే. కానీ 2.4 రాలా. లీకేజీ పోయినా ఇంకా తక్కువ ఉందంటే పై రెసిస్టర్ విలువ పెరిగి ఉండాలి, 2.10 రావాలంటే అది 535 కిలో ఓమ్స్ దగ్గర ఉండాలి అని లెక్క తేలింది. చివర నల్లబడింది కూడా అదే రెసిస్టర్.

తీసేసే ముందు రుజువు చూసుకుందాం అనిపించింది. 535 కి పక్కన 2.2 మెగా ఓమ్ కలిపితే రెండూ కలిసి సరిగ్గా 430 అవుతాయి. డబ్బాలో కాళ్ళున్న పాత రకం 2.2 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటే దాని కాళ్ళు సన్నగా వంచి, వేళ్ళతో పట్టుకుంటే ఒంటి రెసిస్టెన్స్ కూడా కలుస్తది కాబట్టి ప్లాస్టిక్ ట్వీజర్‌తో పట్టుకుని ఆ చిన్న రెసిస్టర్ రెండు చివర్లకి ఆనించా. మెయిన్ రైల్ మీద పెట్టిన మీటర్ సున్నా నుంచి 19 కి ఎగిరింది, జాక్ పక్కన తెల్ల లైటు వెలిగింది. చెయ్యి కదిలితే ఆరిపోయింది, మళ్ళీ ఆనిస్తే మళ్ళీ వెలిగింది. మా ఆవిడని కేకేసి చూపించా, ఇంత చిన్నదానికా బోర్డు మార్చమన్నారు అంది.

కొందరు ఇట్టాంటి బోర్డులకి ఆ రెండు మాస్‌ఫెట్‌ల మీదుగా వైరు వేసి నేరుగా కలిపేస్తారు. వెలుగుద్ది, కాదనను. కానీ ఎక్కువ వోల్టేజీ వస్తే ఆపేవాడు, బ్యాటరీ కరెంటు వెనక్కి జాక్‌లోకి పోకుండా ఆపేవాడు ఇంక ఎవరూ ఉండరు. గుంట కాడ కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ మీదికి మారే చోట అట్టాంటి బోర్డు ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

స్క్రాప్ బోర్డుల సంచిలో ఇదే ఛార్జింగ్ చిప్ ఉన్న బోర్డు ఒకటి దొరికింది, దాని మీద అదే రెసిస్టర్, తీసి కొలిస్తే 429. ఒక మిల్లీమీటర్ పొడవు, అర మిల్లీమీటర్ వెడల్పు. ఫ్లక్స్ రాసి, కొత్త సీసం టంకం కొంచెం రెండు చివర్లకీ అంటించి కలిపా. ఫ్యాక్టరీ టంకం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి, 63/37 సీసం టంకం 183 కే కరుగుద్ది, రెండూ కలిస్తే పాతది త్వరగా లొంగుద్ది, ప్యాడ్ మీద వేడి తక్కువ పడుద్ది. పాతది వచ్చేసింది, బయట కొలిస్తే 530 చిల్లర. ఒక ప్యాడ్ మీద చిలుము లోపలిదాకా తిన్నది. బ్లేడు మొనతో మెల్లగా గీకితే రాగి ఎర్రగా బయటపడింది, ట్రాక్ తెగలా, అదృష్టం. ఆ ప్యాడ్‌కి టంకం పూత ఎక్కించి, కొత్త రెసిస్టర్‌ని ట్వీజర్‌తో కుదురుగా పెట్టి ఒక చివర, తర్వాత రెండో చివర. లెన్స్‌లో చూస్తే రెండు వైపులా టంకం వాలుగా, మెరుస్తా కూర్చుంది.

ఏసీడెట్ 2.54. గేట్ దగ్గర 25. మెయిన్ రైల్ 19. కరెంటు 0.02.

బుధవారం

మిగతాది చకచకా అయిపోయింది. 3.3 ఉంది, 5 ఉంది. పవర్ బటన్ లైను 3.3 దగ్గర ఉంది, నొక్కితే సున్నాకి పడి మళ్ళీ లేస్తా ఉంది. సీపీయూ మీద పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టి, హీట్‌సింక్ బిగించి, ఒక ర్యామ్ పెట్టి, లిమిట్ 3 ఆంప్స్‌కి పెంచి బటన్ నొక్కా. కరెంటు 0.3, 0.5, అక్కడ్నుంచి ఎక్కుతా దిగుతా ఉంది, ఇట్టా ఊగడమే మంచి గుర్తు, ఒకే అంకె మీద కదలకుండా నిలబడిపోతే ఎక్కడో ఆగిపోయినట్టు. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ వచ్చింది. ఎస్ఎస్‌డీ పెట్టాక విండోస్ కూడా లేచింది, అన్న పెట్టుకున్న గుంటల ఫోటోతో సహా.

బ్యాటరీ 8.2 వోల్టులకి దిగిపోయి ఉంది, మూడు సెల్స్‌ది, ఒక్కోటి 2.7 చొప్పున. ఇంత దిగిన బ్యాటరీకి మొదట చానా తక్కువ కరెంటుతోనే ఎక్కిస్తది, శాతం సున్నా దగ్గరే చానాసేపు ఉంటది, పాడైంది అనుకుని పీకెయ్యొద్దు. దగ్గరే కూర్చుని వేడెక్కుతుందేమో చేత్తో చూస్తా ఎక్కించా. వేడి లేదు, ఉబ్బు లేదు. రాత్రికి నిండింది.

గురువారం తెల్లవారుజాము

పగలు పనిచేస్తే సరిపోదు, దీని రోగం పొద్దునది. రాత్రి వెనక డోర్ తీసి మేడ మీద వరండాలో పెట్టా, పక్కన తడి దుప్పటి ఆరేసి. అయిదు గంటలకి లేచి చూస్తే బల్లంతా చెమ్మగా ఉంది. అడాప్టర్ పెట్టా, లైటు వెంటనే వెలిగింది. ఏసీడెట్ 2.53. ఈ కొలత వచ్చాకే అన్నకి ఫోన్ చేసి బాగైంది అని చెప్పా. "నిజంగానా, ఆ సీపీయూ పోలేదా మరి" అని అడిగాడు. పోలేదన్నా, నువ్వు పొద్దున సంగతి చెప్పబట్టే తొందరగా దొరికింది అని చెప్పా.

శనివారం

జాక్ ప్రాంతంలో అక్రిలిక్ కోటింగ్ స్ప్రే చేశా. ర్యామ్ స్లాటుకి, కనెక్టర్లకి, జాక్ లోపలికి పడకుండా టేపు వేసి, రెండు పల్చటి పూతలు, మధ్యలో ఆరనిచ్చి. ఉప్పు మీద కోటింగ్ వేస్తే ఉప్పుని లోపల పెట్టి మూసినట్టే కాబట్టి దానికి ముందు ఇంకోసారి నీళ్ళు, ఐపీఏ, ఆరబెట్టడం అన్నీ చేశా. డీసీ జాక్ కాళ్ళు కూడా చిలుము పట్టి ఉన్నాయి, ప్లగ్ కదిలిస్తే లైటు మినుకుమంటది. కొత్త జాక్ చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పిస్తున్నా, మద్రాసు పోయే పిల్లోడొకడికి పాత జాక్ ఫోటో, కొలతలు ఇచ్చి పంపించా.

అన్నకి చెప్పినవి: షెడ్డులో వాడినంతసేపు వాడి, తర్వాత మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టమన్నా. ఏరేటర్ గాలి తగిలే కిటికీ పక్కన బల్ల తీసెయ్యమన్నా. పెన్‌డ్రైవ్‌లో వారానికొకసారి లెక్కలు దించుకోమన్నా. డబ్బా సంగతి వదిన చూసుకుంటానంది, బల్ల సంగతి అన్న ఇంకా ఏమీ చెప్పలా. జాక్ వచ్చి, వేసి, అడాప్టర్ ప్లగ్ దగ్గర వేడి ఎంతుందో లోడు మీద చూసి అప్పుడు లాప్‌టాప్ ఇస్తా.